బాక్సులో వైరు ఎంత వదలాలి? జానెడు లెక్క, బెత్తెడు లెక్క

స్విచ్ బోర్డు ప్లేటు విప్పి ముందుకు లాగితే అంగుళం మేర కదిలి ఆగిపోయిందంటే, తప్పు ఆ రోజుది కాదు. ఇల్లు కట్టేటప్పుడు వైరు లాగి కొసలు కత్తిరించిన రోజుది. స్విచ్ మార్చడం పది నిమిషాల పని. కానీ వెనకనున్న స్క్రూ దగ్గరికి స్క్రూడ్రైవర్ పోవడానికి చోటు లేకపోతే అదే పని గంటన్నర పడుతుంది. చివరికి బలవంతంగా లాగితే పక్క స్విచ్‌లోని వైరు ఊడుతుంది, లేదా లోపల ఎక్కడో పోగులు తెగుతాయి.

దీనికి ఎదురుగా ఇంకో రకం బోర్డు ఉంటుంది. ప్లేటు విప్పగానే మూరెడు వైర్లు పేగుల్లా బయటికి జారతాయి. వాటిని తిరిగి లోపలికి కుక్కి ప్లేటు బిగించడానికి మోకాలు అడ్డం పెట్టాల్సి వస్తుంది. మొదటిది పిసినారితనం, రెండోది ఉదారత అనిపించవచ్చు. ఇంటికి మాత్రం రెండూ ఇబ్బందే. సరైన పొడవు ఈ రెంటికీ మధ్య ఉంది. అది అంచనాతో వదిలేది కాదు, లెక్క వేసుకోగలిగేది.

ఎక్కడి నుంచి కొలవాలి

సగం గొడవ ఇక్కడే. ‘ఆరంగుళాలు వదిలాను’ అనే మాటకు, ఎక్కడి నుంచి ఆరంగుళాలో చెప్పకపోతే అర్థం లేదు. గోడ అంచు నుంచి కొలిస్తే ఒక లెక్క, గోడలో దిగిన బాక్సు, అంటే స్విచ్‌ల వెనకుండే డబ్బా, దాని అడుగు నుంచి కొలిస్తే ఇంకో లెక్క.

ఈ విషయాన్ని అమెరికా విద్యుత్ కోడ్ స్పష్టంగా రాసి పెట్టింది. అందులో 300.14 అనే సెక్షన్ రెండు కొలతలు చెబుతుంది. మొదటిది: బాక్సులోకి వైరు వచ్చే పైపు మూతి నుంచి గానీ, కేబుల్ పైతొడుగు ముగిసిన చోటు నుంచి గానీ కనీసం 6 అంగుళాల వైరు విడిగా ఉండాలి. రెండోది: బాక్సు నోరు ఏ వైపునైనా 8 అంగుళాల కంటే తక్కువ ఉంటే, వైరు కొస ఆ నోటి బయటికి కనీసం 3 అంగుళాలు రావాలి. ఈ రెండూ విడివిడి షరతులు, రెండూ నెరవేరాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో సొంతింట్లో స్విచ్‌లు మార్చుకునే తెలుగువాళ్లకు ఇన్‌స్పెక్షన్‌లో ఎదురయ్యేది ఈ సెక్షనే.

మన ఇళ్లకు ఆ కోడ్ వర్తించదు. కానీ దాని వెనక ఉన్న తర్కం ఏ దేశంలోనైనా ఒకటే. మొదటి కొలత, కొస ఎన్నిసార్లు కత్తిరించినా ఇంకా మిగిలేందుకు. రెండో కొలత, రెండు చేతులూ పట్టేలా మాడ్యూలు, అంటే ఆ స్విచ్ గానీ సాకెట్టు గానీ, బయటికి వచ్చేందుకు. తెలుగు చేతికి ఈ కొలతలు కొత్తవేమీ కావు. 3 అంగుళాలంటే బెత్తెడు, అంటే నాలుగు వేళ్ల వెడల్పు. జాన అంటే దాదాపు 9 అంగుళాలు. గోడ బయటికి బెత్తెడు, పైపు మూతి నుంచి జానెడు అనుకుంటే చిన్న బాక్సులన్నిటికీ సరిపోతుంది. టేపు తీయనక్కరలేదు.

పెద్ద బోర్డుల దగ్గర మాత్రం ఈ జానెడు లెక్క తప్పుతుంది. మాడ్యులర్ స్విచ్ ఒక్కోటి దాదాపు 22.5 మి.మీ. వెడల్పు. ఎనిమిది మాడ్యూళ్ల వరస అంటేనే 18 సెం.మీ. పైపు ఎడమ చివర దిగి, 16 ఆంపియర్ల సాకెట్టు కుడి చివర ఉంటే, ఆ సాకెట్టుకు వెళ్లే వైరు ముందు 18 సెం.మీ. అడ్డంగా నడవాలి. బాక్సు లోతు దాదాపు 5 సెం.మీ. ఎక్కాలి. ఆపైన బెత్తెడు బయటికి రావాలి. మొత్తం 30 సెం.మీ. దాటింది, అంటే అడుగు. అదే బాక్సులో పైపు మూతికి సరిగ్గా ఎదురుగా ఉన్న స్విచ్‌కు 15 సెం.మీ. చాలు. అన్ని వైర్లనూ గుత్తగా పట్టుకుని ఒకే చోట కత్తిరిస్తే ఆ చివరి సాకెట్టు ఎప్పుడూ బిగుసుకుపోతుంది. ఎక్కువ కరెంటు లాగే పాయింటు కూడా అదే కావడం మరీ అన్యాయం.

కాబట్టి సూత్రం ఇలా: పైపు మూతి నుంచి ఆ మాడ్యూలు ఉండే చోటికి దూరం, దానికి బాక్సు లోతు కలిపి, దానికి బెత్తెడు కలపాలి. మొత్తం 15 సెం.మీ.కంటే తక్కువ వస్తే 15గానే ఉంచాలి.

గోడ ఇంకా పూర్తి కాలేదు

వైరు లాగే రోజుకి గోడ తుది మందం రాదు. లెక్క తప్పడానికి రెండో కారణం ఇది. మెటల్ బాక్సును ఇటుక గోడలో కూర్చోబెట్టేటప్పుడు ప్లాస్టరింగ్ మందం ఊహించి ముందుకు నిలబెడతారు. ఊహ తప్పితే బాక్సు అంచు ప్లాస్టరింగ్ కంటే అర అంగుళం లోపలికి పోతుంది. తర్వాత పుట్టీ వస్తుంది. వంటింట్లో, బాత్రూమ్‌లో టైల్సు వస్తాయి. టైలు, దాని కింది మాలు కలిసి 20 నుంచి 25 మి.మీ. మందం తేలిగ్గా తింటాయి. టీవీ గోడకు చెక్క ప్యానెల్ గానీ లూవర్లు గానీ కొట్టిస్తే, వాటి కింది ఫ్రేముతో కలిపి రెండు అంగుళాలైనా పోతాయి.

అంటే బాక్సు అంచు నుంచి 8 సెం.మీ. బయటికి ఉన్న వైరు, ఇంటీరియర్ పని అయ్యాక తుది ఉపరితలం నుంచి 3 సెం.మీ.కే పరిమితమవుతుంది. ఎలక్ట్రీషియన్ సరిగ్గానే వదిలాడు. వడ్రంగి కూడా తన పని తాను చేశాడు. కానీ బోర్డు బయటికి రాదు. వంటింటి ప్లాట్‌ఫామ్ పైని బోర్డులకు, టీవీ పాయింటుకు, మంచం తలవైపు బోర్డులకు మామూలు లెక్క మీద మరో 8 సెం.మీ. కలపాల్సింది అందుకే. ఆ గోడకు ఏమి రాబోతోందో వైరు లాగే ముందే ఇంటి యజమానిని అడగడం ఉత్తమం. చాలాసార్లు యజమానికే తెలియదు. అప్పుడు ఎక్కువ వదలడమే దారి.

రెండుసార్లు కత్తిరించాలి

లాగిన రోజు ఒక పొడవు, కనెక్షన్ ఇచ్చే రోజు ఇంకో పొడవు. ఈ రెంటినీ ఒకటిగా చూడడం వల్లే అటో ఇటో తప్పు జరుగుతుంది.

లాగిన రోజున చిన్న బాక్సులో అడుగు, పెద్ద బోర్డులో అడుగున్నర వదలాలి. కారణం లేకుండా కాదు. పైపులోకి దూర్చే స్ప్రింగు కొక్కేనికి తగిలించి లాగిన కొస మొదటి 5-8 సెం.మీ. నలిగి ఉంటుంది. ఇన్సులేషన్ సాగి పలచబడుతుంది, లోపల పోగులు కొన్ని తెగుతాయి. ఆ భాగం కనెక్షన్‌కు పనికిరాదు. పైగా మధ్యలో పెయింటర్లు వస్తారు. బాక్సు నోటి నుంచి వేలాడే వైరుకు పుట్టీ పూసుకుంటుంది, దాన్ని సాండ్‌పేపరు గీకుతుంది, ఆపైన ప్రైమరు పడుతుంది. ఎరుపూ నలుపూ ఆకుపచ్చా అన్నీ ఒకే తెలుపు రంగులోకి మారాక ఏది ఫేజో ఏది ఎర్తో చెప్పడం కష్టం. అందుకే కొసలను వదులుగా చుట్టి బాక్సు లోపలికి పెట్టి, నోటికి కాగితం గానీ థర్మోకోల్ ముక్క గానీ అడ్డం పెట్టాలి. చుట్టే ముందే ప్రతి కొస దగ్గర టేపు మీద పేరు రాయాలి: ఫ్యాను, ట్యూబు, ఏసీ, పక్క గదికి వెళ్లేది. పేరు కొసకు మరీ చివర రాస్తే కత్తిరింపులో ఆ పేరే పోతుంది. పైపు మూతికి దగ్గరగా ఉండాలి.

కనెక్షన్ రోజున గ్రిడ్ ప్లేటును, అంటే మాడ్యూళ్లు బిగించే చట్రాన్ని, బాక్సు ఎదురుగా బెత్తెడు దూరంలో పట్టుకుని, ఒక్కో వైరును దాని టెర్మినల్ దాకా తెచ్చి, వేలెడు అదనంగా ఉంచి అక్కడ కత్తిరించాలి. గుత్తగా కాదు, ఒక్కొక్కటిగా. ఎనిమిది మాడ్యూళ్ల బోర్డుకు దీనివల్ల పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

డబ్బు లెక్క

వైరు రేటు పెరిగినప్పుడల్లా కొసలు కురచ అవుతాయి. అందులో దాపరికమేమీ లేదు. మెటీరియల్‌తో కలిపి పాయింటుకు ఇంత అని మాట్లాడుకున్న పనిలో ప్రతి అంగుళమూ కాంట్రాక్టరు జేబులోంచి పోతుంది. కాబట్టి వైరు బాక్సు అంచు దాటదు. లేబరు మాత్రమే అయి, వైరు యజమాని కొనిస్తే కథ తిరగబడుతుంది. ఎవరి సొమ్మో అన్నట్టు రెండేసి అడుగులు వదిలి, చివర్లో కత్తిరించిన రాగిని సంచిలో వేసుకునేవాళ్లూ ఉంటారు.

నిజానికి సరైన పొడవు వదలడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. రెండు పడక గదుల ఫ్లాటులో 25 బాక్సులు, బాక్సుకు సగటున 8 కొసలు అనుకుందాం. 200 కొసలు. కురచ కొసకూ సరైన కొసకూ తేడా 10 సెం.మీ. అయితే మొత్తం 20 మీటర్లు. ఇళ్లకు కొనే చుట్ట 90 మీటర్లుంటుంది. అంటే ఇల్లంతటికీ కలిపి పావు చుట్ట కూడా కాదు. కత్తిరించిన ముక్కలూ వృథా పోవు. బోర్డులో ఒక స్విచ్ నుంచి పక్క స్విచ్‌కు ఫేజు లూపు ఇవ్వడానికి 6-8 సెం.మీ. ముక్కలు ఎలాగూ కావాలి. కొత్త వైరు కోసి లూపులు చేయడం కంటే ఈ ముక్కలే నయం. ఒకటే జాగ్రత్త: సాకెట్టు దాకా వెళ్లే లూపుకు సాకెట్టుకు వేసిన మందమే ఉండాలి. లైటు వైరు ముక్కతో 16 ఆంపియర్ల సాకెట్టుకు లూపు ఇస్తే ఎమ్‌సీబీ (కరెంటు హద్దు దాటితే పడిపోయే స్విచ్) కంటే ముందు ఆ ముక్కే కాలవచ్చు.

కురచైతే ఏమవుతుంది

బిగువుగా ఉన్న వైరు టెర్మినల్ స్క్రూ మీద నిరంతరం లాగుతూ ఉంటుంది. ప్లగ్గు పెట్టినప్పుడల్లా, తీసినప్పుడల్లా సాకెట్టు కొద్దిగా కదులుతుంది. వైరులో వదులు ఉంటే ఆ కదలికను మడత మింగేస్తుంది. వదులు లేకపోతే ఆ కదలికంతా స్క్రూ కింద నలిగే పోగుల మీద పడుతుంది. మన ఇళ్లలో వాడే వైరు సన్నటి పోగులది: 1.5 చదరపు మి.మీ. వైరులో సాధారణంగా 0.3 మి.మీ. పోగులు 22, 2.5లో 36, 4లో 56. పాత మేస్త్రీలు ఇంకా వాడే 3/20, 7/20 (20 గేజి తీగలు మూడు, ఏడు) మాటల నాటి మొండి తీగలు కావివి. ఒక్కో పోగూ తెగుతూ పోతుంటే బయటికి ఏమీ కనిపించదు. మిగిలిన పోగుల మీద భారం పెరుగుతుంది, అక్కడ వేడి పుడుతుంది, వేడికి స్క్రూ పట్టు ఇంకా సడలుతుంది.

ఎంత వేడి? 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు తీసుకుంటుంది. పట్టు సడలిన జాయింటులో 0.05 ఓమ్‌ల నిరోధం వచ్చిందనుకుంటే, అక్కడ పుట్టే వేడి దాదాపు 8.5 వాట్లు. శనగ గింజంత చోట, గాలి ఆడని డబ్బాలో. సాకెట్టు పసుపు రంగుకు తిరగడం, ప్లేటు మీద గోధుమ మచ్చ రావడం, కాలిన వాసన, ఇవన్నీ ఇక్కడి నుంచి మొదలవుతాయి. ఈ పరిస్థితిలో ఎమ్‌సీబీ పడిపోదు. ఎందుకంటే కరెంటు పెరగలేదు, 13 ఆంపియర్లే నడుస్తోంది.

వైరు పొడవు పెంచితే కరెంటు వృథా అవుతుందని కొందరి వాదన. దాన్నీ కొలుద్దాం. 2.5 చదరపు మి.మీ. రాగి వైరు నిరోధం కిలోమీటరుకు దాదాపు 8 ఓమ్‌లు. అదనంగా వదిలిన 15 సెం.మీ.కు 0.0012 ఓమ్‌లు. అదే గీజరు కరెంటుకు అందులో పుట్టే వేడి 0.2 వాట్లు, అది కూడా 15 సెం.మీ. మేర పంచుకుని. కురచ వైరు వల్ల సడలిన జాయింటుతో పోలిస్తే నలభయ్యో వంతు. వైరును చుట్టగా పెడితే అయస్కాంతంలా మారి వేడెక్కుతుందనే మాట కూడా ఇలాంటిదే. రెండు మూడు చుట్లకు, 50 హెర్ట్జ్ దగ్గర ఆ ప్రభావం లెక్కలోకి రాదు. చుట్టకూడదనడానికి వేరే కారణం ఉంది, అది చోటు.

కురచ కొసతో ఇంకో నష్టం ఆలస్యంగా బయటపడుతుంది. ఒకసారి వేడెక్కిన కొసలో ఇన్సులేషన్ గట్టిపడి పెళుసవుతుంది, రాగి నల్లబడుతుంది. దాన్ని మళ్లీ బిగించడం తప్పు. మెరిసే రాగి వచ్చే దాకా, ఒక్కోసారి 2 నుంచి 5 సెం.మీ., కోసేయాలి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో వేడి లేకపోయినా ఉప్పుగాలికి రాగి మీద ఆకుపచ్చ చిలుము పడుతుంది. అక్కడ స్విచ్ మార్చిన ప్రతిసారీ కొస కోయక తప్పదు. 15 సెం.మీ. ఉన్న వైరు మూడు నాలుగు మార్పులు తట్టుకుంటుంది. 7 సెం.మీ. ఉన్నది మొదటి మార్పుకే చేతులెత్తేస్తుంది.

ఎక్కువైతే ఏమవుతుంది

బాక్సు అనంతం కాదు. మూడు మాడ్యూళ్ల మెటల్ బాక్సు లోపలి కొలత సుమారు 10 × 7 × 5 సెం.మీ. అంటే 350 ఘన సెం.మీ. అందులో స్విచ్‌లు, సాకెట్టు వెనక భాగాలే సగం మేర ఆక్రమిస్తాయి.

ఎన్ని వైర్లు పడతాయో తేల్చడానికి అమెరికా కోడ్‌లో ఒక పద్ధతి ఉంది. అక్కడి సాధారణ వైరు రెండు రకాలు. 14 నంబరుదైతే ఒక్కోదానికి 2 ఘన అంగుళాలు, 12 నంబరుదైతే 2.25 కేటాయించాలి. మన కొలతల్లో 33, 37 ఘన సెం.మీ. ఎర్తు వైర్లు నాలుగు దాకా ఉన్నా కలిపి ఒక్క వైరుగానే లెక్క. స్విచ్ లేదా సాకెట్టు పట్టీకి రెండు వైర్ల చోటు. ఆ కొలతలో చూస్తే 18 ఘన అంగుళాల సింగిల్ బాక్సులోకి రెండు 12 నంబరు కేబుళ్లు (ఒక్కోదానిలో ఫేజు, న్యూట్రల్, ఎర్తు) వస్తే మొత్తం 15.75, సరిపోతుంది. మూడో కేబుల్ వస్తే 20.25, సరిపోదు.

మన 2.5 చదరపు మి.మీ. వైరు ఆ రెంటి మధ్యది. దానికి 35 ఘన సెం.మీ. చొప్పున అదే పద్ధతిలో లెక్కేస్తే, మూడు మాడ్యూళ్ల బాక్సులోకి ఫేజు, న్యూట్రల్, ఎర్తు వచ్చి, ముందుకు మరో పాయింటుకు వెళ్తే 245. హాయిగా పడుతుంది. అదే బాక్సును జంక్షనుగా వాడి నాలుగు దిక్కుల వైర్లు కలిపితే 385. ప్లేటు బలవంతంగా మూసుకుంటుంది గానీ ఆ బాక్సు నిండిపోయినట్టే. ఇది మన దేశపు నిబంధన అని కాదు, ఊహ కంటే నయమైన అంచనా. బాక్సు నిండిందని తేలితే వైరు కురచ చేయడం పరిష్కారం కాదు. పెద్ద బాక్సు పెట్టాలి, లేదా దారినపోయే వైర్లను ఆ బాక్సులోకి తేకుండా పైపు దారి మార్చాలి.

కుక్కిన బాక్సులో ప్రమాదం ఎక్కువగా అంచుల దగ్గర జరుగుతుంది. గ్రిడ్ ప్లేటుకూ మెటల్ బాక్సు అంచుకూ మధ్య వైరు నలుగుతుంది. రేకు అంచు ఇన్సులేషన్‌లోకి దిగుతుంది. బాక్సుకు ఎర్తు ఇచ్చి ఉంటే ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి కారితే పడిపోయే స్విచ్) పడిపోయి సంగతి బయటపడుతుంది. ఎర్తు ఇవ్వకపోతే, చాలా ఇళ్లలో బాక్సుకు ఎర్తు ఇవ్వరు కదా, ప్లేటు స్క్రూలోకే కరెంటు వస్తుంది. తడి చేతితో ప్లేటు తుడిచేవాళ్లకు అప్పుడు తెలుస్తుంది. కుక్కుడు వల్ల స్క్రూ పట్టే చెవులు వంగిపోవడం, మర అరిగిపోవడం కూడా మామూలే. ఆ తర్వాత ప్లేటు ఒక పక్కకు లేచే ఉంటుంది.

ఫ్యాను రెగ్యులేటరు, యూఎస్‌బీ చార్జింగ్ మాడ్యూలు పని చేస్తూ వేడెక్కుతాయి. వాటి వెనక వైరు ఉండచుట్టి పెట్టకూడదు. ఫోనుతో లైట్లు వేసి ఆపే స్మార్ట్ రిలే డబ్బాలు స్విచ్ వెనకే కూర్చుంటాయి, చాలావాటికి న్యూట్రల్ కావాలి. ముందుముందు అలాంటివి పెట్టుకునే ఉద్దేశముంటే చేయాల్సింది వైరు పొడవు పెంచడం కాదు. లోతైన బాక్సు తీసుకుని, ప్రతి బోర్డులో ఒక న్యూట్రల్ కొసను మూతపెట్టి ఉంచాలి. మెట్ల దగ్గరి, బాత్రూమ్ బయటి బోర్డుల్లో సాకెట్టు ఉండదు కాబట్టి న్యూట్రల్‌ను మరిచిపోతారు.

మడత

సరైన పొడవు వదిలి, దాన్ని ఉండచుట్టి కుక్కితే మళ్లీ మొదటికే వస్తుంది. వైరు మడత చీర కుచ్చిళ్లలా ఉండాలి, అటూ ఇటూ పొరలుగా. ప్లేటు నెట్టినప్పుడు ఆ పొరలు వాటంతట అవే వెనక్కి ముడుచుకుంటాయి. మళ్లీ విప్పినప్పుడు అలాగే బయటికి సాగుతాయి. చుట్టగా పెట్టినది మాత్రం మెలికపడి ఒక మూల బిగుసుకుంటుంది.

ముందు ఎర్తు వైర్లను బాక్సు అడుగుకు అణచాలి. వాటి మీద న్యూట్రల్, చివరికి ఫేజు. తరచూ విప్పాల్సి వచ్చేది స్విచ్‌లను, అవి ఫేజు మీద ఉంటాయి. అందుకని ఫేజు పైకి. టెర్మినల్ నుంచి బయటికి వచ్చిన వెంటనే వైరును లంబంగా వంచకూడదు. ఒక వేలు వెడల్పు నేరుగా నడిచాకే మొదటి వంపు. 4 చదరపు మి.మీ. వైరు మొండిగా ఉంటుంది, దాని వంపు బొటనవేలి చుట్టూ తిరిగినంత గుండ్రంగా ఉంటే చాలు.

ఇన్సులేషన్ ఒలిచే పొడవు మాడ్యూలు వెనక అచ్చువేసిన గీతను చూసి తీసుకోవాలి. గీత లేకపోతే స్విచ్‌కు 8-10 మి.మీ., పెద్ద సాకెట్టుకు 10-12 మి.మీ. దాదాపు సరిపోతుంది. బిగించాక రాగి బయట కనిపిస్తే ఎక్కువ ఒలిచినట్టు, ఇన్సులేషన్ స్క్రూ కింద పడితే తక్కువ ఒలిచినట్టు. సన్నటి వైరును పెద్ద రంధ్రంలో పెట్టాల్సి వస్తే ఒలిచిన కొసను రెండు పేటలుగా మడవాలి, లేదా కొసకు పిన్ను లగ్గు (లోహపు తొడుగు) వేసి నొక్కాలి. పోగులకు సీసం (సోల్డరు) పూసి స్క్రూ కింద పెట్టడం పాత అలవాటు. వేడికీ ఒత్తిడికీ సీసం మెల్లగా జారి స్క్రూ వదులవుతుంది. ఆ అలవాటు మానుకోవడం మంచిది.

బోర్డు కానివి

సీలింగ్ ఫ్యాను బాక్సు దగ్గర అడుగు కంటే తక్కువ వద్దు. స్లాబులోంచి వచ్చిన వైరు, రాడ్డులోంచి పైకి వచ్చిన వైరు కనెక్టరులో కలవాలి. ఆ పని చేసేవాడు నిచ్చెన మీద తల పైకెత్తి చేస్తాడు. తిరిగేటప్పుడు ఫ్యాను కొద్దిగా ఊగుతుంది కాబట్టి కనెక్షన్ అయ్యాక కూడా కొంత వదులు మిగలాలి. ఆ వదులు రాడ్డు పైని బోల్టుకు, స్ప్లిట్ పిన్నుకు రాసుకోకూడదు.

ఫాల్స్ సీలింగ్ లైట్లకు స్లాబు నుంచి జిప్సమ్ మట్టం దాకా ఉన్న దూరాన్ని కొలిచి, దాని మీద అడుగు కలపాలి. లైటు చెడిపోతే డ్రైవరును, అంటే లైటుకు కరెంటు మార్చి ఇచ్చే చిన్న డబ్బాను, ఆ రంధ్రంలోంచే కిందికి తీసి, చేతిలో పట్టుకుని మార్చాలి. వైరు జిప్సమ్ అంచు దాకా మాత్రమే వస్తే సీలింగు కోయాల్సి వస్తుంది. డీబీలో, అంటే ఎమ్‌సీబీలన్నీ ఉండే పెట్టెలో అయితే ప్రతి వైరుకూ డీబీ ఎత్తు, వెడల్పు కలిపినంత పొడవు ఉంచాలి. ఇవాళ మూడో ఎమ్‌సీబీకి వెళ్లే వైరు రేపు ఇన్వర్టరు పెట్టినప్పుడు చివరి దానికి వెళ్లాల్సి రావచ్చు. ఇంట్లో పొడవు విషయంలో చేయి వెనక్కి తీయకూడని చోటు ఏదైనా ఉంటే అది డీబీ. చోటు అక్కడ ఎలాగూ ఉంటుంది. ఏసీ, గీజరు పాయింట్లకు మొండి వైరు కాబట్టి 20 సెం.మీ. పెట్టుకోవాలి. వాటికి మధ్యలో జాయింటు ఉండకూడదు.

ఇప్పటికే కురచగా ఉంటే

మెయిన్ ఆపి, టెస్టరుతో చూశాకే చేయి పెట్టాలి. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మెయిన్ ఒక్కటే ఆపితే చాలదు, ఇన్వర్టరు కూడా ఆపాలి.

మొదట చూడాల్సింది పైపులో వదులు ఉందా అని. అవతలి బాక్సులో వైరు విప్పి మెల్లగా ఇటు లాగితే ఒక్కోసారి 5-10 సెం.మీ. వస్తుంది. మెల్లగానే. ప్లయరుతో పట్టి గుంజితే పైపు మలుపు దగ్గర ఇన్సులేషన్ చిరుగుతుంది, ఆ చిరుగు కంటికి కనబడదు.

రాకపోతే అదే మందం, అదే రంగు వైరు ముక్కతో పొడిగించవచ్చు. లివర్ ఉన్న కనెక్టరు అయితే మేలు, స్క్రూ కనెక్టరైనా పరవాలేదు. అది బాక్సు లోపలే, ప్లేటు విప్పగానే కనిపించే చోట ఉండాలి. రెండు కొసలు మెలిపెట్టి టేపు చుట్టడం జాయింటు కాదు. మన వేసవికి టేపు జిగురు కరిగి విడిపోతుంది. ఇక ఆ మెలికను పైపు లోపలికి నెట్టి దాచడం క్షమించరాని పని. తర్వాత ఎన్నేళ్లకు ఏమైనా అది ఎక్కడుందో ఎవరూ కనిపెట్టలేరు. కనెక్టర్లకు కూడా చోటు కావాలని మరవకూడదు. నాలుగు వైర్లు పొడిగిస్తే బాక్సు నిండిపోవచ్చు. అప్పుడు గోడ పైన సర్ఫేస్ బాక్సు అమర్చి లోతు పెంచుకోవాలి.

ఒకటో రెండో వైర్లు కాక బోర్డంతా కురచగా ఉంటే పొడిగింపులు పెట్టుకుంటూ పోవడం కంటే ఆ పైపులో కొత్త వైరు లాగడమే చౌక. పాత వైరు కొసకే కొత్త వైరు కట్టి అవతలి నుంచి లాగితే చాలాసార్లు స్ప్రింగు అవసరమే పడదు. ముడి మాత్రం సన్నగా, మెట్లు మెట్లుగా ఉండాలి. ఒకే చోట లావుగా ఉంటే మలుపులో ఇరుక్కుంటుంది.

అల్యూమినియం వైరింగు ఉన్న పాత ఇళ్లలో ఈ పొడిగింపు జోలికి పోకూడదు. అల్యూమినియానికి రాగిని నేరుగా కలిపితే తేమ తగిలిన చోట జాయింటు తినుకుపోతుంది, పైగా రెండు లోహాలూ వేడికి వేర్వేరుగా వ్యాకోచిస్తాయి. చెక్క పెట్టె మీద హైలమ్ షీటు (బేకలైటు లాంటి గట్టి పలక) బిగించిన ఆ కాలపు బోర్డుల్లో వైరు కొసలు పొడవుగానే కనిపిస్తాయి, షీటు తలుపులా తెరుచుకునేది కాబట్టి. కానీ రెండుమూడుసార్లు వంచితే ఆ అల్యూమినియం విరుగుతుంది. అలాంటి ఇంట్లో ఒక స్విచ్ మార్చడానికి వెళ్లినవాళ్లు వైరును ఎంత తక్కువ కదిలిస్తే అంత మంచిది. పొడవు సంగతి రీవైరింగు రోజున చూసుకోవాలి.